గిట్ట దిగిన లోతు

ఆ గిత్తను చూశారు కదా. ఏం చూశారో చెప్పండి ముందు.

మూపురం చూశామంటారు. గంగడోలు చూశామంటారు. నడుస్తుంటే తొడ మీద గీతలు తేలడం చూశామంటారు. సరే. దాని ముట్టె తడిగా ఉందో, ఎండిపోయి ఉందో చూశారా? పడుకున్నప్పుడు నెమరు వేస్తోందో లేదో చూశారా? చూడలేదు. ఎవరూ చూడరు. ఒళ్లు చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. అందుకే ఈ కథ చెప్పాల్సి వస్తోంది.

గుండ్లకమ్మ ఒడ్డున ఎలమంద అనే రైతుకు ఓ పశువుల దొడ్డి. అందులో సింగన్న అని ఒంగోలు గిత్త, కాటుక అని ముసలి గేదె, సిద్దయ్య అని మేకపోతు. సిద్దయ్యకు పొడుగాటి గడ్డం. ఆ గడ్డం వల్ల అతనికి అన్నీ తెలుసని దొడ్లో ఓ నమ్మకం. ఆ నమ్మకం పుట్టించింది కూడా సిద్దయ్యే.

ఏటా వేసవి చివర ఆ చుట్టుపక్కల పశువుల అందాల పోటీ పెడతారు. నిరుడు సింగన్న వెళ్లాడు. జడ్జి వెన్ను మీద చెయ్యి వేశాడు, తొడ తట్టాడు, "ఒళ్లుంది గానీ గీత తేలలేదు" అని పక్క గిత్త దగ్గరికి పోయాడు. ఇంటికొచ్చాక ఎలమంద పలుపు గుంజకు కడుతూ, "ఇంకొక్కసారి చూస్తా. మళ్లీ ఇంతే అయితే కాడి కింద పెట్టేస్తా" అన్నాడు. సింగన్న ఆ రోజు మేత ముట్టలేదు.

ఈ ఏడు పోటీ దగ్గరపడుతుండగా సిద్దయ్య మెల్లిగా గాడి దగ్గరికి చేరాడు. సింగన్న ముందు ఉలవ గుగ్గిళ్లు పొగలు కక్కుతున్నాయి.

"అల్లుడూ, ఏం తింటున్నావు?"

"ఉలవలు మావా. రుబ్బిన పత్తిగింజలు కూడా కలిపాడు ఆసామి."

"అదే మరి. జడ్జి ఏమన్నాడు నిరుడు?"

"గీత తేలలేదన్నాడు."

"గీత ఎందుకు తేలుతుంది? పైన కొవ్వు దుప్పటి కప్పుకుని కూర్చుంటే లోపల కండ ఎవరికి కనపడుతుంది? నీకు ఒళ్లు పెంచడం వచ్చు, చెక్కడం రాదు."

సింగన్న నమలడం ఆపాడు. "చెక్కడమెట్లా?"

"ముందు కొలత కావాలి. కొలత లేకుండా చేసే కసరత్తు, కసరత్తు కాదు." సిద్దయ్య నీళ్ల తొట్టి పక్కకు నడిచాడు. అక్కడ నేల కాస్త చెమ్మగా ఉంటుంది. "రోజూ ఏటి ఇసుకలో పరుగెత్తి వచ్చాక కుడి ముందరికాలు ఇక్కడ మోపు. గిట్ట ఎంత దిగితే నీ బరువు అంత. దిగడం తగ్గుతూ పోవాలి. లోతు నేను చూస్తా."

"నువ్వెట్లా చూస్తావు?"

"గడ్డం ఎందుకు పెంచాననుకున్నావు?"

సింగన్న కాలు మోపి తీశాడు. సిద్దయ్య వంగి ఆ గుంటలో గడ్డం పెట్టాడు. లేచి కళ్లు మూసుకుని ఆలోచించాడు. "చివర మునిగింది. మొదలు పెడదాం. గుగ్గిళ్లు సగం వదిలెయ్."

"వదిలితే ఆసామి తిడతాడు."

"గాడి ఖాళీగా ఉంటే ఎవరు తిడతారు? ఆ కష్టం నేను పడతాలే."

ఆ కష్టం సిద్దయ్య బాగానే పడ్డాడు.

కొలతలో తప్పు లేదని ఇక్కడ మీరు అనొచ్చు. నిజమే, కొలత మంచిదే. కానీ కొలిచేవాడి సంగతి చూడండి. పొద్దున్నే సింగన్న ఏటికి పోగానే సిద్దయ్య తొట్టి అంచు మీద ముందుకాళ్లు వేసేవాడు. మూతితో నీళ్లు ఇవతలికి చిమ్మేవాడు. నేల నీళ్లన్నీ తాగేదాకా ఆగి, పైన గిట్టలతో ఎండుమట్టి గీరి, తడి కనపడకుండా కప్పేసేవాడు. రోజుకు ఇంకాస్త ఎక్కువ నీళ్లు. పాపం సింగన్న రొప్పుకుంటూ వచ్చి కాలు మోపితే, గిట్ట నిన్నటికంటే లోతుకు దిగేది.

"సగం గడ్డం మునిగింది అల్లుడూ."

"సగం తిండే కదా తింటున్నా!"

"నీ ఒంటి తీరు అది. గాలి పీల్చినా పట్టేస్తుంది. మిగతా సగం కూడా మానెయ్. ఇంకో పరుగు కలుపు."

మరి కొన్నాళ్లకు, "నీళ్లు కూడా తగ్గించు. నీళ్లు కూడా బరువే కదా" అన్నాడు. అది మాత్రం సిద్దయ్యకు కొత్తగా తట్టిన ఊహ. తొట్టిలో నీళ్లు తరిగిపోతున్నాయని ఎలమందకు అనుమానం రాకుండా ఉంటుందని అన్నాడు తప్ప, అది గిత్తను ఏం చేస్తుందో ఆలోచించలేదు. ఇతరుల ఒంటి మీద ప్రయోగాలు చేసేవాళ్లకు ఆలోచన అక్కర్లేదు.

ఎలమంద రోజూ వచ్చి చూసేవాడు. గాడి నాకినట్టు శుభ్రంగా ఉండేది. "బాగా తింటున్నాడు" అనుకుని ఇంకో గుప్పెడు ఉలవలు ఎక్కువ వేసి పోయేవాడు. సింగన్న తొడ మీద గీతలు నిజంగానే తేలాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. డొక్క లోపలికి పోయింది కూడా, కానీ దాన్ని ఎవరూ చూడలేదు.

కాటుక చూసింది. ఓ మధ్యాహ్నం మెల్లిగా లేచి సింగన్న పక్కన వచ్చి పడుకుంది.

"ఒరే సింగా, నెమరు ఎప్పుడు వేశావు?"

"గుర్తు లేదు పెద్దమ్మా."

"తిన్నది గుర్తుండకపోయినా పర్లేదు. నెమరు గుర్తు లేకపోవడమేంట్రా? ముట్టె ఇటు తిప్పు." ముక్కు దగ్గర ముక్కు పెట్టి చూసింది. "ఎండిపోయింది. పేడ ఎట్లా వేస్తున్నావు?"

"అవన్నీ ఎందుకు పెద్దమ్మా?"

"అడిగింది చెప్పు."

"గట్టిగా. పిడకల్లాగా."

కాటుక అతని మెడ తోలును పెదాలతో పట్టి లాగి వదిలింది. తోలు వెంటనే కిందికి పోలేదు. మడతలా నిలబడి, తాపీగా దిగింది. "చూశావా? నీళ్లు లేని ఒళ్లు ఇట్లా ఉంటుంది. నా రెండో దూడను ఇట్లాగే పోగొట్టుకున్నా. ఆ ఏడు కరువు, నీళ్లు లేవు. నీకు పక్కనే తొట్టి ఉందిరా."

గోడ మీద నుంచి సిద్దయ్య నవ్వాడు. "అక్కా, నువ్వు బురదలో పొర్లే దానివి. నీకు అందం సంగతి ఎందుకు? గిత్త బరువు ఇంకా దిగలేదు. పొద్దున్న గడ్డం ముప్పాతిక మునిగింది."

"బరువు దిగలేదా? వీడి పక్కటెముకలు కనపడుతుంటే?"

"కొలత అబద్ధం చెప్పదక్కా."

సింగన్న కూడా అదే అన్నాడు. "కొలత అబద్ధం చెప్పదు పెద్దమ్మా. నా కళ్లతో నేను చూస్తున్నా. రోజూ లోతవుతోంది. మళ్లీ నిరుడులాగా వెనక్కి వస్తే కాడి కిందకు పోవాలి. నువ్వు నన్ను చెడగొట్టొద్దు."

కాటుక లేచి తన గాడి దగ్గరికి పోయింది. ఒళ్లంతా ఒక్క అంకె దగ్గర తాకట్టు పెట్టినవాడికి మాటలు ఎక్కవు. వాడి అంకెతోనే వాడికి చెప్పాలి.

మర్నాడు ఇసుకలో సింగన్న కాళ్లు ముడుచుకుపోయాయి. ముందుకు పడ్డాడు. లేవడానికి చూస్తే గుండె చెవుల్లో కొట్టుకుంది. కాసేపు అట్లాగే పడి ఉన్నాడు. తర్వాత ఎట్లాగో లేచి, ఒక్కో అడుగూ ఆగి ఆగి వేస్తూ దొడ్డికి వచ్చి, నేరుగా తొట్టి పక్కకు పోయి కాలు మోపాడు. పడిపోయి వచ్చినవాడు నీళ్లు తాగలేదు, కొలత చూసుకున్నాడు.

గిట్ట మొత్తం దిగింది.

"గడ్డమంతా మునిగింది అల్లుడూ" అన్నాడు సిద్దయ్య బాధగా తల ఊపుతూ.

సింగన్న కళ్లలోంచి నీళ్లు కారాయి. "ఇక నావల్ల కాదు మావా."

కాటుక వచ్చి ఆ గుంట పక్కనే నిలబడింది. "తమ్ముడూ, నీ కొలత మీద నాకూ గురి కుదిరింది. నాది కూడా చూసిపెట్టు." అని ముందరికాలు మోపి తీసింది.

సిద్దయ్య వంగి చూశాడు. లేస్తూ ఓరగా కాటుక గాడి వైపు చూశాడు. అక్కడ తౌడు ఉంది. "అక్కా, చెప్పడానికి నోరు రావడం లేదు. నువ్వు కూడా బాగా లావెక్కావు. తౌడు తగ్గించుకుంటే మంచిది."

"అట్లాగే తగ్గిస్తా. పాపం వీడికి మాత్రం నమ్మకం సడలింది. నువ్వు కూడా కాలు పెట్టి చూపించు. నువ్వు మేకవి, ఆకులు మేసి బతుకుతావు, నీ కాలు ఎటూ దిగదు. అది చూస్తే కొలత ఖచ్చితమైనదని వీడికి తెలుస్తుంది."

అది సిద్దయ్యకు నచ్చింది. తను తేలికని అతనికి ఏ సందేహమూ లేదు. ఇన్నాళ్లూ సింగన్న ఒళ్లు కొలిచాడు గానీ తన ఒళ్లు ఎప్పుడు చూసుకున్నాడు? రెండు ముందుకాళ్లూ ఎత్తి ఠీవిగా బురదలోకి దిగాడు. ఆ సన్నటి కాళ్లు మోకాళ్ల దాకా పోయాయి. గింజుకుంటే వెనకకాళ్లూ దిగాయి. పొట్ట నేలకు ఆనింది.

"అయ్యో తమ్ముడూ" అంది కాటుక తాపీగా. "నువ్వు కూడా లావెక్కావా? గిత్తా లావెక్కి, గేదే లావెక్కి, మేకా లావెక్కిందా? లేకపోతే నేలే మెత్తబడిందా?"

సింగన్న ఓ క్షణం ఆ మూడు గుంటల వైపూ చూశాడు. తొట్టికి అవతలి వైపుకు నడిచాడు. అక్కడ నేల మీద అదే కాలు మోపాడు. తీశాడు. దుమ్ములో గిట్ట అచ్చు పడింది, అంతే. ఎవరి గడ్డమూ అక్కర్లేదు చూడటానికి.

"మావా, ఇక్కడ నా బరువు ఏమైంది?"

సింగన్న కొమ్ములు వంచుతాడని కాటుక అనుకుంది. అతను కొమ్ములు వంచలేదు, తల వంచాడు. తొట్టిలో మూతి పెట్టాడు.

"మెల్లిగా" అంది కాటుక. "కాసిని తాగి ఆగు. మళ్లీ తాగు. ఒక్కసారే తాగితే అదో రోగం."

"మరి పోటీ సంగతి?"

"దానికి టైముంది. రోజూ పరుగెత్తకు, ఓ రోజు ఇసుక, ఓ రోజు విశ్రాంతి. కండ పెరిగేది పరుగులో కాదురా, పడుకున్నప్పుడు. కొలుచుకోవద్దని నేను అనడం లేదు. బరువు చూసుకో. దాంతో పాటు ముట్టె తడి చూసుకో, పేడ చూసుకో, నెమరు చూసుకో. నాలుగూ ఒకే మాట చెబితే నమ్ము. ఒకటి ఒకలాగా, మూడు ఒకలాగా చెబితే ఆ ఒక్కదాన్నే అనుమానించు."

అప్పుడే ఎలమంద దొడ్లోకి వచ్చాడు. బురదలో మేకపోతు అరుస్తోంది. "ఇదెట్లా దిగిందిరా" అని రెండు చేతులూ పొట్ట కింద వేసి పైకి లేపాడు. లేపి, అట్లాగే ఆగిపోయాడు. ఓసారి చేతుల్లోనే పైకీ కిందికీ ఊపి చూశాడు. కింద దింపి నడుం మీద బొటనవేలు వేసి నొక్కాడు. వెన్నెముక వేలికి తగల్లేదు.

"ఏరా, ఇంత కండ ఎప్పుడు పట్టావు?" అన్నాడు ముద్దుగా. గోడ అవతలికి కేకేశాడు. "ఏమే, అమ్మోరి కొలుపులకు బలి పోతు కోసం సంతకు పోనక్కర్లేదు. మనింట్లోనే ఉంది."

ఆ సాయంత్రానికి సిద్దయ్య మెడకు కొత్త తాడు పడింది. కళ్లలో బెరుకు కనపడింది.

"అల్లుడూ, తొందరగా ఒళ్లు తగ్గే దారి ఏదైనా ఉంటే చెప్పవూ."

సింగన్న నెమరు వేస్తూ అతని వైపు చూశాడు. "నీ దగ్గర విన్నదే మావా. తిండి మానెయ్, నీళ్లు మానెయ్."

"అది చేస్తే చస్తా కదరా."

"ఆ మాట నాకు చెప్పలేదు మావా."

సిద్దయ్యను ఆకలి మాత్రం ఊరుకోనివ్వలేదు. మెడ చాచి పక్కన పడ్డ ఉలవలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

పోటీలో సింగన్న గెలవలేదు. ఒళ్లు పూర్తిగా తేరుకోవడానికి అన్నాళ్లు చాలలేదు. మొదటి బహుమతి వేరే గిత్తకు పోయింది. కానీ జడ్జి ఈసారి పక్కకు తొందరగా పోలేదు. డొక్క మీద చెయ్యి పెట్టి ఊపిరి చూశాడు. ముట్టె చూశాడు. అటూ ఇటూ నడిపించాడు. "ఎవరిదయ్యా ఈ గిత్త? దెబ్బ తిని లేచినట్టుంది. అయినా పునాది గట్టిది. దీన్ని కాడికి కట్టావంటే నీ అంత తెలివితక్కువవాడు ఉండడు" అన్నాడు. ఎలమంద తలపాగా తీసి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. తిరుగుదారిలో ఏటి దగ్గర ఆగి గిత్తను కడుపునిండా నీళ్లు తాగనిచ్చాడు.

ఒంటిని కొలుచుకోవడం తప్పు కాదు. ఆ కొలతను ఆకలితో ఉన్నవాడి చేతిలో పెట్టడం తప్పు.

ఇక మీరు చెప్పండి. మీ ఒంటి సంగతి రోజూ మీకు చెబుతున్నవాడు, ఎవరి గాడిలోది తిని బతుకుతున్నాడు?