నూట నాలుగో ఉత్తరం

ఒకే ఒక్క గడి దగ్గర ఓదెలు పని ఆగిపోయింది. నాలుగు నెలలు కష్టపడి మఠం కాగితాలన్నీ కంప్యూటర్‌కెక్కించినవాడు, ఆ ఒక్క గడి నింపలేక పొద్దుటి నుంచి తల పట్టుకుని కూర్చున్నాడు.

మానేరు ఒడ్డున ఉన్న ఆ మఠం చిన్నదే. బుచ్చయ్య అనే నేతగాడు పెట్టింది. ఆయన పోయాక శిష్యుడు రాజలింగం గురువయ్యాడు. ఎవరున్నా జనం పిలిచేది మాత్రం 'అయ్య' అనే. దూరాభారం వల్ల రాలేక ఉత్తరం రాసినవాళ్ళకు జవాబు పంపేముందు నకలు తీసి దాచుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆ నకళ్ళు చెదలపాలు కాకముందే హైదరాబాదులో ఒక భాండాగారానికి పంపాలని ఓదెలు పూనుకున్నాడు. అక్కడ వందేళ్ళయినా చెడకుండా దాస్తారట.

ఊరికే ఫోటో తీసి పంపితే వాళ్ళు తీసుకోరు. ఎవరు రాశారు, ఎవరికి, ఎప్పుడు, ఏ సంగతి మీద అని ప్రతి ఉత్తరానికీ గడులు నింపి జతచేయాలి. దానికి మెటాడేటా అని పెద్ద పేరు. ఓదెలు జిరాక్సు సెంటరు నడిపిన మనిషి, చేయి తిరిగినవాడు. ఆరు వందల పైచిలుకు ఉత్తరాలకు చకచకా నింపేశాడు. వాళ్ళు అన్నీ ఒప్పుకుని నూట నాలుగోది మాత్రం తిప్పి పంపారు. 'మిగతావాటికి పేర్లు రాశారు. దీనికి ఉత్త అయ్య అని రాశారు. ఏ అయ్య? సాయంత్రంలోగా చెప్పండి.'

తెలియక కాదు, మన ఓదెలుకు అన్నీ తెలుసు. అది 1989 నాటి ఉత్తరం. అప్పటికి బుచ్చయ్యకు చూపు పోయింది, జవాబులు రాజలింగమే రాసేవాడు. బుచ్చయ్య చెప్పి రాయించినవాటి కింద ఆ ముక్క రాసి ఉంటుంది. దీని కింద లేదు. ఉపదేశం ఇమ్మని అడిగిన ఒకామెకు పంపిన జవాబది.

'మొగుడు పోయినదానికి ఉపదేశం లేదు. మళ్ళీ ఈ గడప తొక్కకు.'

మొదటిసారి చదివినప్పుడు ఓదెలు నమ్మలేకపోయాడు. తన నాన్న చనిపోయిన ఏడాదే అమ్మను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని తత్వాలు నేర్పింది ఈ రాజలింగమయ్యే. ఆయన పేరు దీనికి తగిలిస్తే రేపటివాళ్ళు చదివి ఛీ అనుకోరూ? తన చేతులతో తాను ఆ పని ఎలా చేస్తాడు?

'తెలియదు' అని కొట్టాడు. పంపబోయాడు.

"ఏందిర ఓదెలూ, పొద్దటిసంది బువ్వ కూడ తినలేదట?" తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ రాజలింగం లోపలికొచ్చాడు.

ఓదెలు గబుక్కున తెరకు అడ్డంగా జరిగాడు. దొంగతనం చేతకానివాడి అవస్థ అలాగే ఉంటుంది.

"జరుగు బిడ్డా, సూడని."

రాజలింగం కళ్ళద్దాలు పెట్టుకుని ఉత్తరం చదివాడు. మళ్ళీ చదివాడు. గడిలో ఉన్న మాటా చూశాడు.

"తెల్వదా నీకు?"

"తెలుసయ్యా," అన్నాడు ఓదెలు. "గని నేను రాయ. మీ మీద మచ్చ పడితే నేను ఓర్వ."

"మరి మా అయ్య మీద పడితే ఓరుస్తవా?"

తెలియదంటే నింద బుచ్చయ్య మీదికి పోతుందన్న ఆలోచనే ఇంత తెలివిగల ఓదెలుకు రాలేదు, ఏం చెబుతాం!

రాజలింగం కుర్చీ లాక్కున్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో కొట్టాడు. దూస రాజలింగం. ఆ కింది గడిలో ఓదెలు 'ఒక స్త్రీ' అని పెట్టి ఉంటే, అది కొట్టేసి ఆడెపు లచ్చవ్వ అని రాశాడు. ఆ పేరు దగ్గర చాలాసేపు పట్టింది. అక్షరాలు దొరక్క కాదు.

"ఈ కడపటి గడి ఖాళీగున్నదేంది?"

"దానికి జోడు కాగితం ఏదన్న ఉంటే నంబరు వెయ్యాలయ్యా. జవాబో, దిద్దుబాటో. దీనికి ఏం లేవు."

"అవును. లేదు," అన్నాడు రాజలింగం. "ముప్పై ఆరేండ్లు."

ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుని రాయసాగాడు. ఓదెలు పక్కనే నిలబడి చూశాడు.

'అమ్మా లచ్చవ్వా, ఆనాడు నేను రాసింది తప్పు. మా అయ్య నిన్ను వద్దనలేదు. నేనే అన్న. నా గర్వం నాతోటి అట్ల అనిపించింది. క్షమించమని అడిగే మొఖం లేక ఇన్నేండ్లు ఊకున్న. దూస రాజలింగం.'

కింద తేదీ వేశాడు.

ఓదెలుకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మొహం తుడుచుకుని స్కానర్ మూత ఎత్తాడు. "ఇటియ్యుండ్రయ్యా. నంబరు వేసి రెండూ కలిపి పంపుత. సాయంత్రం దాకనే టైమిచ్చిండ్రు."

రాజలింగం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు.

"లచ్చవ్వ సిరిసిల్లల బిడ్డ ఇంట్ల ఉన్నదట. మొదలు ఆమె చదువని. ఆమె ఒప్పుకుంటే దాస్తువుగని," అన్నాడు. "బండి తియ్యి."