చారలయ్య దిద్దిన సరస్సు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనమామ బీరప్ప. పటాలంలో ఉన్నప్పుడు ఉత్తరాన, మంచుకొండల నడుమ, ఊరూ వాడా లేని ఓ సరస్సు ఒడ్డున పహరా కాశాడు. ఆయన ప్రతి కథకూ తోక తగిలించేవాడు. ఆ తోక కోసేసి రాస్తున్నాను.

ఆ సరస్సులోకి ఏరు వస్తుంది గానీ, నీళ్ళు బయటికి పోయే దారి లేదు. అందుకే ఉప్పన. ఏరు కలిసే మూల మాత్రం తియ్యన. నడిమధ్య ఒక రాతిలంక. ఎండాకాలం నల్లచారల తల బాతులు ఆ లంకమీదే గుడ్లు పెడతాయి. చుట్టూ నీళ్ళు, నక్క రాలేదని ధీమా.

వాటికి పెద్ద చారలయ్య. ఎవరేం చెప్పినా దిద్దందే ముద్ద దిగదు. గూడు కట్టుకుంటున్న పెళ్ళాం తెల్లమ్మను కూడా "ఆ గడ్డిపరక అక్కడ కాదే" అనేవాడు.

ఓ రోజు ఒడ్డున మేస్తుంటే నక్క వచ్చి, మర్యాదగా దూరాన కూర్చుంది.

"దండాలు చారలయ్య మామా! మా పిల్లలకు సరస్సు సంగతులు చెప్పాలి. ఏరు తూర్పున కలుస్తుంది కదూ?"

"ఏ వెధవ చెప్పాడు? పడమర!"

"నీళ్ళన్నీ తియ్యనే గదా?"

"నీకు నాలుకుందా? ఏటి మూల తప్ప అంతా ఉప్పే!"

"పోనీ, మా తాత మాట మాత్రం తప్పు కాదులెండి. లంకకు నాలుగు దిక్కులా పాతాళమంత లోతట."

చారలయ్య మెడ ఈకలు నిక్కాయి. లంకమీంచి తెల్లమ్మ, "ఏమయ్యా, దానితో నీకేం మాటలు? ఇటు రా!" అని అరిచింది. వినబడింది. కానీ తప్పును తప్పుగా వదిలేసి ఎట్లా పోవడం?

"మీ తాత మొహం! ఏరు తెచ్చిన ఇసుక మేటవేసి, ఆ మూల నుంచి లంకదాకా నీళ్ళ కింద గట్టుంది. బురదకు కనబడదు గానీ, నీ మోకాలు కూడా మునగదు!"

"పెద్దలంటే మీరు మామా!" అని నక్క లేచింది. ఈసారి దండం పెట్టలేదు. నేరుగా ఏటి మూలకు పోయి నీళ్ళలో కాలు పెట్టింది.

అప్పుడు గానీ చారలయ్యకు తనేం చెప్పాడో తలకెక్కలేదు. కేకలేస్తూ ఎగిరాడు. బాతులన్నీ రెక్కలతో బాది నక్కను తరిమేశాయి. అయితే గట్టు లంకకు తగిలే చోట మొదటి గూడు చారలయ్యదే. అదే మంచి చోటని పట్టుబట్టి ఎంచిందీ తనే. అప్పటికే అందులో పెంకులే మిగిలాయి.

తెల్లమ్మ ఏడవలేదు. "పిల్లలకు చూపాల్సిన దారి నక్కకు చూపావు. ఇక ఆ పెంకులకు చెప్పుకో నీ భూగోళం" అంది.

ఓ ముసలి బాతు, "మోకాలి లోతు నీళ్ళలో కొంప ముంచావు కదయ్యా!" అంది.

చారలయ్య తల వంచుకున్నాడు. కాసేపే. ఆగలేక గొణిగాడు: "మోకాలి లోతు అనలేదు. మోకాలు మునగదన్నాను."

తప్పు దిద్దబోయే ముందు, ఆ ఒప్పు ఎవరి కడుపు నింపుతుందో చూసుకోవాలి.

ఇకపోతే, ఆ ఏరు తూర్పునే కలుస్తుందని బీరప్ప మామ పోయేదాకా వాదించాడు. ఆ మాటమీదే నేను ఆయన ఇంటి గడప తొక్కడం మానేశాను. ఆ సరస్సు నేను చూడలేదు. అయినా పడమరే. మా ఇంటావిడ నవ్వితే నవ్వనీ. అటు వెళ్ళినవాళ్ళు ఎవరైనా కళ్ళారా చూసొచ్చి, ఈ సంగతి సరిచేసి పెట్టండి.