చెమట పట్టని గుర్రం

వేలానగరం రేవులో కొమ్మన అనే అశ్వపరీక్షకుడు ఉండేవాడు. గుర్రం నాలుగడుగులు వేస్తే చాలు దాని బలమూ బలహీనతా చెప్పగలిగేవాడు గానీ, తన నోటి నుంచి వచ్చిన మాట తప్పని తెలిసినా దాన్ని వెనక్కి తీసుకునేవాడు కాదు.

ఆ రేవులో ఏటా చైత్రమాసం చివర దేశదేశాల గుర్రాలకు పందెం జరిగేది. అరబ్బు దేశం నుంచీ, పారశీకం నుంచీ, కాంభోజం నుంచీ ఓడల మీద గుర్రాలు వచ్చేవి. సముద్రం ఒడ్డున ఇసుక మైదానం చుట్టూ మూడుసార్లు ఎవరు ముందు తిరిగి వస్తే వాళ్ళకు రాజుగారి బహుమానం. జనం తమకు నచ్చిన గుర్రం మీద పందెం కాసేవారు. ఏది నచ్చాలో చెప్పేవాడు మాత్రం కొమ్మనే. పందేనికి పది రోజుల ముందు ఆయన మైదానంలో అరుగెక్కి ఒక్కో గుర్రం గురించీ చెప్పేవాడు. చేపలవాళ్ళూ, బండ్లవాళ్ళూ, ఓడల మీద పనిచేసేవాళ్ళూ చెవులు రిక్కించి వినేవారు.

"గెలిచే గుర్రం వేరు, పందెం కాయదగ్గ గుర్రం వేరు," అనేవాడు కొమ్మన. "అందరూ గెలుస్తుందనే దాని మీద రూక కాస్తే రెండు రూకలే వస్తాయి. ఎవరూ పట్టించుకోని దానిలో బలం ఉంటే, దాన్ని ముందుగా పసిగట్టినవాడికి రూకకు పన్నెండు వస్తాయి. పసిగట్టడమే విద్య."

ఆ ఏడు ఎనిమిది గుర్రాలు వచ్చాయి. వాటిలో అందరి కళ్ళూ ఒక తెల్లగుర్రం మీద పడ్డాయి. ఉత్తరాన మంచుకొండల అవతలి నుంచి బైరామ్ అనే పెంపకందారు దాన్ని తెచ్చాడు. నిలువెత్తు గుర్రం. పొద్దుటిపూట మైదానంలో పరిగెడుతుంటే మిగతావన్నీ నురగలు కక్కేవి. దాని ఒంటి మీద చుక్క తడి కూడా కనబడేది కాదు.

కొమ్మన అరుగెక్కి గట్టిగా చెప్పాడు. "ఈసారి లెక్కలు అక్కర్లేదు. తెల్లదానిదే గెలుపు. మీ కళ్ళతోనే చూశారుగా! అంత పరుగు పరిగెత్తినా దానికి చెమటే పట్టలేదు. ఇలాంటి గుర్రం ఈ రేవుకు ముప్పై ఏళ్ళలో రాలేదు."

"మరి ఆ కచ్చ దేశపు ఆడగుర్రం సంగతేమిటయ్యా?" అని ఎవరో అడిగారు. అది తేనెరంగులో, పొట్టిగా, చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకేలా ఉండేది.

"దాని మీద కాసేవాడు ఆ డబ్బు సముద్రంలో వేసినా ఒకటే," అన్నాడు కొమ్మన. జనం ఘొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆయనకు ఎంతో బాగుంది.

నాలుగు రోజుల తరవాత, మధ్యాహ్నంవేళ కొమ్మన గుర్రాల సాలల వైపు వెళ్ళాడు. ఆ సాలల్లో నీళ్ళు మోసే సూరమ్మ అనే ఆమె తెల్లగుర్రం పక్కన నిలబడి తడిగుడ్డతో దాని మెడ తుడుస్తోంది. ఆమెకు యాభై ఏళ్ళు దాటాయి. రేవులో దిగిన గుర్రాలన్నీ ఆమె చేతి నీళ్ళు తాగినవే.

"అయ్యా, మంచిసమయానికి వచ్చారు," అంది సూరమ్మ. "ఒక్కసారి దీని ఒంటి మీద చెయ్యి వెయ్యండి."

కొమ్మన చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. పొయ్యి మీది పెనంలా కాలుతోంది. పరుగు ఆపి ఎంతోసేపయినా గుర్రం ముక్కుపుటాలు ఇంకా ఎగిరెగిరి పడుతున్నాయి. చర్మం మాత్రం ఎండుతోలులా పొడిగా ఉంది.

"ఓడ దిగిన కొత్తలో దీనికి బాగానే చెమట పట్టేదయ్యా," అంది సూరమ్మ. "ఇరవై రోజుల నుంచి పట్టడం లేదు. చలిదేశం గుర్రాలకు మన ఎండలో ఇలా అవుతుంది. లోపలి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఇలాంటివి రెంటిని చూశాను నేను. పరిగెత్తించారు. రెండూ నిలువునా కూలిపోయాయి."

 ఆమె చెబుతుండగానే కొమ్మనకు అంతా అర్థమైంది. తాను బలమని చాటింది జబ్బు. ఒక్కపూట సాలకు వచ్చి చెయ్యి వేసి చూసి ఉంటే ఆ మాట అనేవాడే కాదు. ఈసారి అరుగు మీద నుంచే చూసి చెప్పాడు.

"బైరామ్‌కు చెప్పావా?" అని అడిగాడు.

"చెప్పాను. ఆయనకు మన మాట సగమే తెలుసు. సైగలు చేశాను. పెద్ద పరీక్షకుడు మంచి గుర్రం అన్నాడు కదా అంటాడు. మీ పేరే చెబుతున్నాడు. మీరు ఒక్క మాట అంటే పందెంలోంచి తప్పిస్తాడు."

"చూద్దాం," అన్నాడు కొమ్మన.

"చూడ్డానికి ఇంకేం ఉందయ్యా?"

"చూద్దామన్నానుగా!" అని కసురుకుని ఆయన బయటికి వచ్చేశాడు.

దారిలో ఉప్పుబండి తోలే పోలయ్య ఎదురయ్యాడు. ఒంటెద్దు బండి అతనిది. రెండో ఎద్దు కొనాలని మూడేళ్ళుగా కూడబెడుతున్నాడు. కొమ్మన అన్న మాట అంటే అతనికి శాసనమే.

"అయ్యా, మీ కోసమే వస్తున్నాను," అన్నాడు పోలయ్య. "ఎద్దు కోసం దాచింది మొత్తం తెల్లదాని మీద పెడదామనుకుంటున్నాను. నా ఆడది వద్దంటోంది. మీరు ఇంకోసారి చెబితే ధైర్యంగా పెడతాను. మీ మాట అదేగా?"

అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. చుట్టూ ఎవరూ లేరు. వినేది ఒక్క పోలయ్య. కానీ రేపటికల్లా ఆ మాట రేవంతా పాకుతుందని కొమ్మనకు తెలుసు. నీళ్ళు మోసే ఆమె కనిపెట్టింది కొమ్మనకు కనబడలేదట అంటారు. తన మాటకు నవ్విన జనమే తనను చూసి నవ్వుతారు. 

"నేను అన్న మాట అన్నదే," అన్నాడు.

పోలయ్య మొహం విప్పారింది. దణ్ణం పెట్టి పందెం గుడారం వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

ఆ తరవాతి రోజులు కొమ్మన తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. పందెం తెల్లవారుజామున కదా, చల్లగా ఉంటుంది అనుకున్నాడు. మూడు చుట్లే కదా, ఓర్చుకుంటుంది అనుకున్నాడు. మబ్బు పట్టినా పట్టవచ్చు అనుకున్నాడు.  రోజూ సాల దాకా వెళ్ళేవాడు, లోపల సూరమ్మ గొంతు వినబడగానే వెనక్కి తిరిగేవాడు.

పందెం రోజు రానే వచ్చింది. తెల్లవారింది. రాజుగారి తరపున రావలసిన మంత్రి పల్లకి రాలేదు. జనం ఎదురుచూశారు. ఇసుక వేడెక్కింది. పల్లకి వచ్చేసరికి ఎండ నడినెత్తికి రాబోతోంది. ఆకాశంలో మబ్బుతునక లేదు.

కొమ్మన జనాన్ని తోసుకుంటూ మైదానం అంచుకు వచ్చాడు. ఇప్పుడైనా పరిగెత్తుకెళ్ళి బైరామ్ గుర్రం కళ్ళెం పట్టుకుందామని రెండడుగులు వేశాడు. "అదిగో కొమ్మన!" అని జనం కేక పెట్టారు. ఆయన అక్కడే ఆగిపోయాడు. అంతలో నగారా మోగింది.

మొదటి చుట్టులో తెల్లగుర్రం అందరికంటే ముందుంది. రెండో చుట్టులో కూడా అదే ముందు. పోలయ్య భుజం మీది కండువా తీసి గాలిలో తిప్పుతూ గంతులేశాడు. తేనెరంగు ఆడగుర్రం నాలుగో స్థానంలో, తొందరేమీ లేనట్టు, ఒకే తీరున పరిగెడుతోంది. దాని ఒళ్ళంతా చెమటతో నిగనిగలాడుతోంది.

మూడో చుట్టు సగంలో తెల్లగుర్రం అడుగు తడబడింది. తల వాలింది. ముందుకాళ్ళు మడతపడి ఇసుకలో కూలిపోయింది. రౌతు ఎగిరి అవతల పడ్డాడు. దానికి దెబ్బ తగలకుండా మిగతావి పక్కకు తప్పుకునేలోపల, కచ్చ దేశపు పొట్టి గుర్రం సందు చూసుకుని ముందుకు దూసుకుపోయి గెలిచింది.

ఎవరు గెలిచారో కొమ్మన చూడనేలేదు. ఆయన అప్పటికే మైదానానికి అడ్డం పడి పరిగెడుతున్నాడు. ఆయనకంటే ముందే సూరమ్మ రెండు కుండలతో అక్కడికి చేరింది. బైరామ్ గుర్రం తలను ఒళ్ళో పెట్టుకుని తన భాషలో ఏదో గొణుగుతూ ఏడుస్తున్నాడు.

"మెడ మీదా, కాళ్ళ మధ్యా పొయ్యండి!" అని అరిచింది సూరమ్మ. కొమ్మన పట్టుపంచె ఎగ్గట్టి ఆమె కుండ అందుకున్నాడు. ఇద్దరూ బావికీ గుర్రానికీ మధ్య ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. నలుగురు బండ్లవాళ్ళు పందిరి గుడ్డ ఊడదీసి నీడ పట్టారు. పొద్దు వాలాక గుర్రం కళ్ళు కదిలించింది. చీకటి పడేముందు వణుకుతూ లేచి నిలబడింది. అది బతికింది. పరుగు మాత్రం దానికి ఇక ఈ జన్మకు లేదు.

కొమ్మన తడిబట్టలతో ఒడ్డున కూలబడ్డాడు. జనం చుట్టూ చేరారు. తిడతారని ఆయన తల వంచుకున్నాడు. ఎవరూ తిట్టలేదు.

"మీరు చెప్పినట్టే రెండు చుట్లు అదేగా ముందుంది!" అన్నాడొకడు.

"ఇసుకలో గుంత ఉండి ఉంటుంది," అన్నాడు ఇంకొకడు.

పోలయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. అతని మొహం వాడిపోయి ఉంది. అయినా కొమ్మన భుజం మీద చెయ్యి వేశాడు. "బాధపడకండయ్యా. దాని కాలు జారితే మీరేం చేస్తారు? నా రాత అలా ఉంది. ఎద్దు ఇంకో మూడేళ్ళకు కొనుక్కుంటాను," అన్నాడు.

కొమ్మనకు ఆ మాట కర్రతో కొట్టినట్టు తగిలింది. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, ఆయన పేరు చెక్కుచెదరదు. జనమే ఆయన తరపున సాకులు వెతికి పెడుతున్నారు. ఆయన పోలయ్య మొహంలోకి చూశాడు. చూస్తూ ఊరుకోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"దాని కాలు జారలేదు," అన్నాడు అందరికీ వినబడేలా. "అది జబ్బుతో పడింది. చెమట పట్టకపోవడమే ఆ జబ్బు. సూరమ్మ నాకు ఆరు రోజుల కిందటే చూపించింది. నేను చెయ్యి వేసి చూశాను. నాకు తెలుసు. పోలయ్యా, నువ్వు దారిలో అడిగావే, అప్పటికే నాకు తెలుసు. అన్న మాట మార్చుకుంటే చిన్నతనమని ఊరుకున్నాను."

 ఒక్కసారిగా గోల మొదలైంది. ఎవరో ఇసుక తీసి మొహాన కొట్టారు. ఎవరో తలపాగా లాగేశారు. బైరామ్‌కు మాటలు సగమే అర్థమయ్యాయి గానీ సంగతి పూర్తిగా తెలిసింది. అతను కొమ్మన వైపు ఒక చూపు చూసి, గుర్రాన్ని నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. పోలయ్య ఏమీ అనలేదు. లేచి, బట్టలకంటిన ఇసుక దులుపుకుని, ఇంటిదారి పట్టాడు. ఆ రాత్రంతా కొమ్మనకు ఇసుక మంట కంటే పోలయ్య మౌనమే ఎక్కువ మండింది.

మర్నాడు రేవు అధికారి ఆయన్ను పదవి నుంచి తీసేశాడు.  కొమ్మన తాను ఎక్కి తిరిగే గుర్రాన్ని అమ్మి, ఒక మంచి ఎద్దును కొని, తోలుకెళ్ళి పోలయ్య వాకిట్లో కట్టేశాడు. పోలయ్య ఎద్దును ఉంచుకున్నాడు. ఆయనతో మాత్రం మాట్లాడలేదు.

కొమ్మన సాలలకు వెళ్ళాడు. "సూరమ్మా, నాకేదైనా పని చెప్పు," అన్నాడు.

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. "కుండలు అక్కడున్నాయి," అంది.

ఆ ఏడాదంతా ఆయన నీళ్ళు మోశాడు. రోజూ ప్రతి గుర్రం ఒంటి మీదా చెయ్యి వేసి చూశాడు. అరుగు మీద నుంచి చూస్తే తెలియనివి ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసింది.

మళ్ళీ చైత్రం వచ్చింది. రేవు అధికారి కొత్త పరీక్షకుణ్ణి ఇంకా పెట్టలేదు. కొందరు మొహమాటపడుతూనే సాల దగ్గరికి వచ్చి కొమ్మనను అడిగారు. "నల్ల అరబ్బు గుర్రం బాగుంది," అని చెప్పాడు ఆయన. మూడు రోజులకే, తానే రేవంతా తిరిగి, చేపల రేవులోనూ ఉప్పు మడుల దగ్గరా నిలబడి కేకవేశాడు. "నేను చెప్పింది తప్పు! నల్లదానికి కుడి మడమ వాచింది. ఇవాళే చూశాను. దాని మీద ఎవరూ కాయకండి!"

కొందరు నవ్వారు. "పూటకో మాట!" అన్నారు. ఆయన తల ఎత్తుకునే అక్కడి నుంచి కదిలాడు.

సాయంత్రం పోలయ్య తన రెండెద్దుల బండి సాల ముందు ఆపాడు. కాసేపు చక్రం వంక చూస్తూ నిలబడ్డాడు. "నేను పందెం కాయనులే," అన్నాడు, ఏడాది తరవాత మొదటిసారి నోరు విప్పి. "చూడ్డానికి వస్తానంతే. అయినా చెప్పండయ్యా, ఏది గెలుస్తుంది?"

"ఈ పూటకి పారశీకం ఎర్రదని అనుకుంటున్నాను," అన్నాడు కొమ్మన. "రేపు పొద్దున మళ్ళీ చూసి చెబుతాను."

"రేపు వస్తాను," అన్నాడు పోలయ్య.

నీతి: పొరపాటు పడినంత మాత్రాన మనిషి మాటకు విలువ పోదు, అది పొరపాటని తెలిసిన క్షణమే బయటికి చెప్పాలి, ఎందుకంటే మన పరువు కోసం దాచిన తప్పుకు మనల్ని నమ్మినవాళ్ళే మూల్యం చెల్లిస్తారు.