ఖాళీగా వదిలిన ముఖం

పులివాగు కోట గెలిచిన గంగినాయుడికి ఒక బెంగ పట్టుకుంది. కోట దక్కింది, గద్దె దక్కింది. జనం మాత్రం అతన్ని ఇంకా పాత రాజు దగ్గరి సేనాపతిగానే చూస్తున్నారు.

అందుకని అడవిలో పాడుబడ్డ గుడి నుంచి ఒక నల్లరాతి స్తంభాన్ని ఏనుగుల చేత లాగించి తెప్పించాడు. దాని తల మీద సింహం, ఒంటి మీద పూర్వకాలపు పూలతీగలు. దాన్ని కొలువు ముందు నిలబెడితే, వెనకటి చక్రవర్తుల వారసుడు ఇతనేనని చూసినవాళ్లు అనుకోవాలి.

స్తంభానికి మూడు ముఖాల మీదే తీగలున్నాయి. నాలుగోది నున్నగా, బోసిగా ఉంది.

"మా ప్రభువు కోసమే పూర్వులు దీన్ని ఖాళీగా వదిలారు!" అని ఆస్థానకవి పద్యం కూడా చదివేశాడు.

ఆ బోసి ముఖం మీద గంగినాయుడి బిరుదులు చెక్కే పని శిల్పి కాచోజుకి వచ్చింది. చివర తన పేరు కూడా చెక్కుకోవచ్చన్నారు. ఆ మాట విన్నప్పటినుంచి అతనికి అన్నం సయించలేదు. ఊరి బయట రోళ్లు చెక్కుకుంటున్న గురువు మల్లోజు దగ్గరికి పరుగెత్తాడు.

"గురువుగారూ, అక్షరం ఎంత లోతు చెక్కితే వెయ్యేళ్లు నిలుస్తుంది?"

"వెయ్యేళ్లు ఎవరికి కావాలి? నాయుడికా, నీకా?"

"ఇద్దరికీనండీ."

"అబ్బో! అయితే రాయిని చూడాల్సిందే. పద."

కోటలో స్తంభం దుంగల మీద పడుకోబెట్టి ఉంది, బోసి ముఖం పైకి. కాచోజు అప్పటికే ఎర్రటి జేగురుమట్టితో గీతలు గీసి పెట్టుకున్నాడు. అట్టడుగున, తన పేరుకి ఒక గీత.

ముసలాయన ఉలి అడగలేదు. తిన్నని చెక్క బద్ద ఒకటి తీసుకుని, దాని అంచుకి తడి జేగురు పూశాడు.

"చదును చూస్తారేంటండీ? నేను చూశాను. అద్దంలా ఉంది."

"కంటికి అలాగే ఉంటుంది," అంటూ మల్లోజు ఆ బద్దని పక్క ముఖానికి ఆనించి తీశాడు. తీగ పొడుగునా ప్రతి పువ్వుకీ ఎరుపు సమానంగా అంటింది.

మళ్లీ జేగురు పూసి, ఈసారి గీతలు లేని చోట చూసి బద్దని బోసి ముఖం మీద అడ్డంగా పెట్టాడు. ఎరుపు రెండు అంచులకే అంటింది. మధ్యలో చుక్క కూడా పడలేదు, అక్కడ రాయి పల్లంగా ఉంది.

"పాతవాళ్ల పనితనం ఇంతేనా?" అన్నాడు కాచోజు.

మల్లోజు పక్క ముఖం మీద సమానంగా ఎర్రబడ్డ పువ్వుల వైపు వేలు చూపించాడు.

కాచోజు మోకాళ్ల మీద కూర్చుని ఆ పల్లంలో అరచెయ్యి పెట్టి మెల్లగా జరిపాడు. ఒక మూల గోరు దేనికో తట్టుకుంది. ఒక అక్షరపు వంపు. చెరపగా మిగిలిన ముక్క. దాని కింద, ఇంకా లోతులో, మరో రకం లిపి కొస.

"ఇక్కడ ఒక పేరు ఉండేదండీ."

"ఒకటేనా?"

అంతలో కోట అధికారి అరిచాడు. "ఏం కాచోజూ, లోతు తేలిందా? ప్రభువు కబురు మీద కబురు పంపుతున్నారు!"

కాచోజు గురువు ముఖంలోకి చూశాడు. మల్లోజు చేతికంటిన జేగురు పంచెకి తుడుచుకున్నాడు.

"మరీ లోతు వద్దులే నాయనా. తర్వాత వచ్చేవాడికి చేతులు నొప్పి పుడతాయి."

కాచోజు తడిగుడ్డ తీసుకుని అట్టడుగు గీతను తుడిచేసి, ఉలి అందుకున్నాడు.