కూర్మయ్య చెరిపిన ఆటలు

కొండవాగు దాటగానే ఒక పెద్ద గుంట ఉండేది. సింహం గారి ఆటల కంపెనీ చెత్త పోసేది అందులోనే. కొత్త వీడియోగేమ్ ఒకటి బజారుకెక్కిందంటే చాలు, పాత ఆటల క్యాసెట్లను బండ్లకెత్తించి తెచ్చి ఆ గుంటలో గుమ్మరించేవారు. ఇక వాటి వంక చూసేవారు లేరు, గుంట గట్టున కాపురముండే కూర్మయ్య తప్ప.

కూర్మయ్య తాబేలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ మాట ఎత్తితే అడవిలో కుందేళ్లకు కోపం వచ్చేది గాని, నిజం నిజమే. ఏ ఆటా మట్టిలో కలిసిపోకూడదని ఆయన పట్టు. గుంటలోకి దిగి క్యాసెట్లు ఏరుకొచ్చేవాడు. బురద తుడిచి, తుప్పు గీకి, నోటితో ఊది, కంప్యూటరులోకి ఎక్కించి తన సైటులో పెట్టేవాడు. ఎవరైనా వచ్చి అక్కడే ఉచితంగా ఆడుకోవచ్చు. ఒకటే నియమం, చివరిదాకా తాను ఆడి చూడనిదే ఏ ఆటనూ బయటికి వదలడు. పరుగుపందెం ఆట ఒక్కటి ముగించడానికే ఆయనకు ఏడు నెలలు పట్టింది.

ప్రతి ఆట కిందా చిన్న రాత ఉండేది. "ఇది గుంట తూర్పు మూల దొరికింది. మూడో మెట్టు దగ్గర ఆగిపోతుంటే నేనే బాగుచేశాను. కూర్మయ్య."

మొదటి ఏడాది నలుగురొచ్చారు. ఆ నలుగురూ నలభై మందికి చెప్పారు. ఒకనాడు గేదె మల్లక్క ఉత్తరం రాసింది: "అన్నా, పోయిన మా తమ్ముడూ నేనూ దూడలప్పుడు ఆడిన ఆట నీ సైటులో కనబడింది. వాడు నన్ను ఓడించిన చోటికే వచ్చి ఆగిపోయాను. మనసు నిండింది." ఆ ఉత్తరాన్ని కూర్మయ్య ఎన్నిసార్లు చదువుకున్నాడో.

పదకొండేళ్లు గడిచేసరికి సైటులో నాలుగు వందల పన్నెండు ఆటలున్నాయి. అడవి అడవంతా అక్కడే పడి ఉండేది.

"మామా, ఇంతమంది వచ్చి ఆడిపోతున్నారే, కింద నీ రాత ఒక్కడైనా చదివాడా?" అన్నాడు ఒకరోజు కోతి చెంగయ్య, రోజూ వచ్చి ఆడేవాడే.

"చదవకపోతే మానె. ఆట బతికింది కదరా."

"ఆట బతికింది సరే. నీ పేరు పుట్టనేలేదు."

కూర్మయ్య నవ్వి, ఇంకో క్యాసెట్టు తుప్పు గీకడం మొదలుపెట్టాడు. కాని ఆ మాట డిప్ప లోపలికి దిగింది.

ఆ చలికాలంలో ఒక నక్క వచ్చింది. సింహం గారి కంపెనీలో వ్యవహారాలు చూసేది అదే. గట్టు కిందే చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించింది.

"కూర్మయ్య గారూ! సింహం గారు మీ సైటు చూశారండి. కళ్లనీళ్లు పెట్టుకున్నారు."

"సింహం గారా?"

"మా గోదాములో పాత ఆటలన్నీ చెదలు తినేశాయండి. మా కంపెనీ పరువంతా మీ దగ్గర దాగుంది. పండగ సభలో మీకు శాలువా కప్పాలని వారి కోరిక."

"నాకెందుకండీ ఇవన్నీ," అన్నాడు కూర్మయ్య, మెడ మాత్రం బారెడు బయటికి సాచి.

"మీరలా అనకూడదు. మాకు కావలసినవి రెండే. మీ ఆటలన్నిటి జాబితా, ఏది ఎక్కడ దొరికింది, ఎలా బాగుచేశారు, అంతా మీ చేతిరాతతో. దాంతోపాటు జనం ఎగబడి ఆడే తొమ్మిది ఆటల కాపీలు, సభలో చూపించుకోవడానికి."

నక్క వెళ్లగానే చెంగయ్య చెట్టు దిగాడు. "మామా, నక్క శాలువా తెస్తానందంటే మెడ కొలత తీసుకోవడానికే. ఇవ్వకు."

"నువ్వు నోరు మూసుకో! నా పేరు పుట్టలేదన్నది నువ్వు కాదూ? ఆటను పుట్టించినవాడే మెచ్చుకుంటానంటే నీకెందుకురా కడుపుమంట?"

నెల్లాళ్లు కూర్చుని రాశాడు కూర్మయ్య. ఒక్కటి వదల్లేదు, ఒక్క అబద్ధం కలపలేదు. చివర సంతకం చేసి, తొమ్మిది కాపీలతో కలిపి నక్కకిచ్చాడు.

సభకు అడవంతా వచ్చింది. సింహం గారు స్వయంగా శాలువా కప్పారు. చప్పట్లు ఇంకా ఆగలేదు, నక్క లేచి జాబితా విప్పింది.

"ఏమయ్యా తాబేలూ, ఇది నీ రాతేనా?"

"నా రాతేనండి." గారు అనే మాట ఎక్కడ జారిపోయిందో కూర్మయ్యకు అర్థం కాలేదు.

"నాలుగు వందల పన్నెండు ఆటలు. అన్నీ మా కంపెనీవి. మా గుంటలోంచి తెచ్చానని నువ్వే రాశావు. విప్పి మార్చానని కూడా రాశావు. దొంగ ఇంత వివరంగా ఒప్పుకోవడం నేనెక్కడా చూడలేదు."

"దొంగతనమేమిటండీ! పారేస్తే ఏరుకున్నాను."

సింహం గారు గొంతు సవరించుకున్నారు. "నేను పారేసిందీ నాదే."

కూర్మయ్య జనం వైపు చూశాడు. మల్లక్క తల దించుకుని నెమరు వేస్తోంది. రోజూ ఆడావు కదరా, నువ్వైనా చెప్పమని చెంగయ్యను అడిగితే, "నేనా? ఎప్పుడో ఒకసారి చూసుంటానంతే," అన్నాడు. మిగతావాళ్లు ఆకాశంలో మబ్బులు చూసుకున్నారు.

"అయ్యా, నన్ను అడవిలోంచి వెళ్లగొట్టండి. ఆటల జోలికి మాత్రం పోకండి," అన్నాడు కూర్మయ్య. "చాలావాటికి ఇంకో కాపీ లోకంలోనే లేదు."

వాళ్లు వినలేదు. క్యాసెట్లు తగలబెట్టి గుంట పూడ్పించారు. సైటు చెరపడం మాత్రం పెట్టిన చేత్తోనే జరగాలని నక్క పట్టుబట్టింది. పక్కనే పీట వేసుకుని కూర్చుంది. కూర్మయ్య ఒక్కొక్క ఆటే చెరిపాడు. మల్లక్క ఆట వచ్చినప్పుడు గోరు ఆగిపోయింది.

"ఊఁ, కానీ," అంది నక్క.

నొక్కాడు. తర్వాత అన్నాడు, "మిగిలినవాటికి మీరైనా కాపీలు తీసి దాచుకోండి. మీవే కదా."

నక్క ఆవులించింది. "ఆ తొమ్మిదీ చాలు. ఈ చెత్త ఎవడు కొంటాడు?"

నాలుగు రోజుల్లో అంతా ఖాళీ అయింది. పదకొండేళ్లలో మంచి మాట ఒక్కటి రాయనివాళ్లు కూడా ఆ వారం తీరిక చేసుకుని ఉత్తరాలు రాశారు. "మమ్మల్ని అడగకుండా ఎందుకు తీసేశావు?" "ముసలాడా, అమ్ముకున్నావా?" అన్నీ అలాంటివే.

వానలు మొదలయ్యాక నక్క మళ్లీ వచ్చింది. ఈసారి చెప్పులు ఇంకా దూరంగా విడిచింది.

"కూర్మయ్య గారూ, బాగున్నారా?"

ఆయన గట్టున బురద గీకుతూనే ఉన్నాడు.

"తొమ్మిదీ బాగా అమ్ముడయ్యాయండి. ఇప్పుడు జనం మిగతావి అడుగుతున్నారు. సింహం గారు వారం గడువు పెట్టారు. తేకపోతే నా తోలు వలిచేస్తానన్నారు. మీరు ఎక్కడో కాపీలు దాచే ఉంటారు..."

"చెరపమన్నారు. చెరిపాను."

"అన్నీనా? చెరిపానని చెప్పి నాలుగు దాచుకోవడం ఎవరికి తెలియదు? లోకం పద్ధతే అది కదండీ!"

"దొంగల పద్ధతి అది. నన్ను దొంగన్నది మీరు. నేను కాదు."

నక్క అక్కడే బురదలో చతికిలబడింది. దాని తోలుకు మూడినందుకు కూర్మయ్యకు నవ్వు రాలేదు. నవ్వితే మాత్రం ఒక్క ఆటైనా తిరిగొస్తుందా? కాళ్లూ మెడా డిప్పలోకి లాక్కున్నాడు. ఎవరు ఎంత పిలిచినా మళ్లీ బయటికి చాచలేదు.

పారేసినవాడి మెప్పు కోసం మెడ చాచినవాడు, ఏరి దాచిందీ పోగొట్టుకుంటాడు.