నోరు కట్టుకోని పరుగు

బొబ్బిలి బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే దాలినాయుడు ఎంత కష్టమైనా పడేవాడు గానీ, ముందుకొచ్చిన పళ్ళేన్ని మాత్రం ఏనాడూ వద్దనలేకపోయేవాడు.

కుర్రతనంలో అతను మంచి కబడ్డీ ఆటగాడు. ఆట ఎప్పుడో ఆగిపోయింది, ఆకలి మాత్రం అలాగే ఉండిపోయింది. నలభై రెండేళ్ళు వచ్చేసరికి తొంభై ఎనిమిది కిలోలయ్యాడు. ఎవరైనా పొట్ట చూసి నవ్వితే తానూ నవ్వేసేవాడు.

అతనికి తోడబుట్టింది ఒక్కతే చెల్లెలు, వరహాలు. కాపురం పార్వతీపురంలో. చిన్నతనంలోనే తల్లి పోతే, పన్నెండేళ్ళ దాలినాయుడే ఆమెకు జడ వేసి బడికి పంపేవాడు. ఆ వరహాలుకు ముప్పై ఆరో ఏట కాలేయం పాడైంది. ఎప్పుడో వచ్చిన కామెర్లు లోపల్లోపలే తినేశాయన్నారు డాక్టర్లు. ఏడాదిగా ఆమె ఉప్పు లేని చప్పిడి కూడే తింటోంది. అయినా పొట్టలో నీరు చేరింది, కళ్ళు పచ్చబడ్డాయి.

"దగ్గరివాళ్ళెవరైనా తమ కాలేయంలో కొంత భాగం ఇస్తే ఈమె బతుకుతుంది. ఇచ్చినవాళ్ళకు అది మళ్ళీ పెరుగుతుంది" అంది విశాఖపట్నంలో డాక్టరమ్మ.

భర్త ఈశ్వరరావు రక్తం కలవలేదు. దాలినాయుడి రక్తం కలిసింది.

"రేపే కోసి తీసుకోండమ్మా" అన్నాడు దాలినాయుడు.

డాక్టరమ్మ అతని స్కాన్ చూసి తల అడ్డంగా ఊపింది. "మీ కాలేయానికి బాగా కొవ్వు పట్టింది. ఇప్పుడు కోస్తే మీ ప్రాణానికి ముప్పు, ఆమెకూ పనికిరాదు. మూడు నెలల్లో కనీసం పది కిలోలు తగ్గి రండి. అన్నం, వేపుళ్ళు, తీపి బాగా తగ్గించండి. రోజూ నడవండి."

"నడవడమేమిటమ్మా, పరిగెడతాను!"

"పరిగెత్తండి, మంచిదే. కానీ ముందు తిండి మారాలి."

ఆ చివరి మాట అతని చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు.

మర్నాడు తెల్లవారుతూనే దాలినాయుడు కొత్త బూట్లు వేసుకుని సాలూరు రోడ్డు పట్టాడు. మొదటి రోజు ఒక కిలోమీటరుకే గుండె నోట్లోకి వచ్చింది. రోడ్డు పక్కన కూర్చుని ఆయాసపడ్డాడు, లేచి మళ్ళీ పరిగెత్తాడు. పది రోజులకు మూడు కిలోమీటర్లు, నెలకు ఆరు. మడమలు పగిలాయి, బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. వానలో కూడా మానలేదు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. "చెల్లెలి కోసం పరిగెడుతున్నాడట. అన్న అంటే అతనే" అనుకునేవారు. ఆ మాటలు విన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు పొంగేది.

అయితే పరుగు ముగిసే చోట ఒక టిఫిన్ బండి ఉండేది. చెమట కారుతూ అక్కడ ఆగేవాడు. ఆరు ఇడ్లీలు, నాలుగు గారెలు, పల్లీ చట్నీ, పైన చిక్కటి టీ రెండు గ్లాసులు. "పరిగెత్తినవాడికి బలం ఉండాలి కదా" అనేవాడు బండివాడితో. మధ్యాహ్నం డిపోలో క్యారియర్ నిండా అన్నం. రాత్రి మళ్ళీ అన్నం, మీద నెయ్యి.

భార్య కనకం రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పు వడ్డించి చూసింది. అతను పళ్ళెం పక్కకు నెట్టాడు.

"దున్నే ఎద్దుకు ఎవరైనా ఉలవలు తగ్గిస్తారటే?"

"డాక్టరమ్మ తిండి తగ్గించమంది కదండీ."

"ఆవిడ పరిగెత్తలేనివాళ్ళకు చెప్పింది. నేను తిన్నదంతా పొద్దున రోడ్డు మీదే కరిగించేస్తున్నాను. నా కాళ్ళు చూడు, కనబడటం లేదా?"

ఆ కాళ్ళు చూశాక కనకానికి ఇంకేమీ అనబుద్ధి కాలేదు. పగుళ్ళకు వేపనూనె రాసి, అతను అడిగిన అన్నం పెట్టింది.

నెల తిరిగేసరికి రెండు కిలోలు తగ్గాడు. ఆ సంతోషంలో కోడిని తెప్పించి వండించుకున్నాడు. రెండో నెలాఖరుకు ఆ రెండు కిలోలూ తిరిగి వచ్చాయి. దాలినాయుడికి లోపల భయం పుట్టింది. బరువు చూసే యంత్రం పాడైందేమోనని మరో దుకాణంలో చూసుకున్నాడు. అక్కడా అంతే. దాంతో పరుగు పది కిలోమీటర్లకు పెంచాడు. పరుగుతో పాటు ఆకలీ పెరిగింది.

ఒక ఆదివారం చెల్లెల్ని చూడటానికి పార్వతీపురం వెళ్ళాడు. వరహాలు మంచం మీద ఆనుకుని కూర్చుని గంజి తాగుతోంది. ముఖం చిక్కిపోయింది. అన్న పాదాల కట్లు చూడగానే గిన్నె పక్కన పెట్టేసింది.

"నా కోసం ఎంత బాధ పడుతున్నావన్నయ్యా!"

"ఇదేం బాధ? నువ్వు ధైర్యంగా ఉండు చాలు."

"ఎంత తగ్గావు?"

దాలినాయుడు ఒక్క క్షణం తడబడ్డాడు. "ఆరు కిలోలు" అన్నాడు.

"తిండి?"

"పూటకు రెండు రొట్టెలే."

వరహాలు పచ్చటి కళ్ళలో వెలుగు వచ్చింది. "విన్నారా?" అంది భర్తతో. "మీ చెల్లెలికి ఆసుపత్రికి రావద్దని చెప్పెయ్యండి. చంటిపిల్ల తల్లి, ఆమెకెందుకు ఆ కోత? మా అన్నయ్య ఉన్నాడు."

దాలినాయుడికి అప్పుడు తెలిసింది. ఈశ్వరరావు చెల్లెలి రక్తం కూడా కలిసింది. తన భాగం ఇస్తానని ఆమె ముందుకొచ్చింది, ఆ వారమే పరీక్షలకు వెళ్ళాల్సి ఉంది. నిజం చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాడు. చెల్లెలి ముఖంలో ఆ వెలుగు చూసి, మూసుకున్నాడు. ఉన్న నెల రోజుల్లో ఇంకా గట్టిగా పరిగెత్తి మాట నిలబెట్టుకుంటానని తనకు తాను చెప్పుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో పూరీలు తిన్నాడు.

గడువు రోజు వచ్చింది. విశాఖపట్నం ఆసుపత్రిలో వరహాలును చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి తెచ్చారు. దాలినాయుడు యంత్రం ఎక్కాడు. తొంభై ఏడు కిలోలు. స్కాన్‌లో కొవ్వు ఉన్నట్టే ఉంది.

డాక్టరమ్మ కాగితాలు కింద పెట్టింది. "ఈ కాలేయం తీసుకోలేను."

"నేను పరిగెత్తానమ్మా!" దాలినాయుడు బూట్లు లాగేసి పాదాలు చూపించాడు. "ఒక్క రోజు మానలేదు. ఊరంతా సాక్ష్యం."

"మీరు పరిగెత్తలేదని నేను అనడం లేదు. ఏం తిన్నారు?"

అతను చెల్లెలి వైపు చూడలేకపోయాడు. తల దించుకుని అంతా చెప్పాడు. ఇడ్లీలు, గారెలు, క్యారియరు, నెయ్యి, కోడి. డాక్టరమ్మ చివరిదాకా విని మెల్లగా అంది. "గంట పరిగెత్తి కరిగించింది పావుగంటలో మళ్ళీ తినేశారు. ఇక కొవ్వు ఎలా కరుగుతుంది?"

చక్రాల కుర్చీలోంచి వరహాలు గొంతు వినిపించింది.

"తినకుండా ఉండలేకపోతున్నానని చెప్పి ఉంటే సరిపోయేది కదన్నయ్యా. నేనేమైనా అనేదాన్నా?"

ఆ మాటలో కోపం లేదు. అదే అతన్ని కోసేసింది.

ఈశ్వరరావు చెల్లెలికి ఆ రోజే కబురు పెట్టారు. ఆమె వెంటనే వచ్చింది, పరీక్షలు మొదలయ్యాయి. దాలినాయుడు ఆ రోజు నుంచే నోరు కట్టుకున్నాడు. పరుగు మానలేదు, పూటకు రెండు రొట్టెలు, కూర, మజ్జిగ తప్ప ముట్టలేదు. ఏదో ఒక కాలేయం తన చెల్లెలికి అందాలని దండం పెట్టుకునేవాడు. ఐదు వారాల్లో ఆరు కిలోలు తగ్గాడు. ఏ అంకె తాను అబద్ధంగా చెప్పాడో సరిగ్గా ఆ అంకె.

కానీ వరహాలు ఆపరేషన్ దాకా ఆగలేకపోయింది. పొట్టలోని నీటికి చీము పట్టింది. జ్వరం వచ్చిన మూడో రోజున, ఆడపడుచు పరీక్షలన్నీ ముగిసి, కాలేయం ఇచ్చే రోజుకు ఇంకా తొమ్మిది రోజులు ఉందనగా, ఆమె కన్నుమూసింది.

పెద్దకర్మ అయ్యాక వారానికి దాలినాయుడు ఒక్కడే విశాఖపట్నం వెళ్ళి డాక్టరమ్మను కలిశాడు.

"నా కాలేయం ఇంకోసారి చూడండమ్మా" అన్నాడు.

"ఎందుకు?"

"తెలుసుకోవాలని ఉంది."

ఆమె చూసింది. "కొవ్వు చాలావరకు తగ్గింది. ఇలాగే ఇంకొన్ని వారాలు ఉంటే ఇవ్వడానికి పనికొచ్చేది" అంది.

దాలినాయుడు ఆమెకు నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఎవరు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరైనా అతని పరుగును మెచ్చుకోబోతే అడ్డుపడి, తాను తిన్నదీ, ఆడిన అబద్ధమూ దాచకుండా చెప్పేవాడు.

నీతి: చేతనైన కష్టం ఎంత పడినా, మానవలసినదాన్ని మానకపోతే ఫలితం దక్కదు, ఆ లోపాన్ని అబద్ధంతో కప్పితే నష్టం మనల్ని నమ్మినవారికే తగులుతుంది.