రేణుక కంప్యూటర్ తెరుచుకునేలోపు

మద్దిలేటితో వాళ్ళ వదిన మాట్లాడటం మానేసి తొమ్మిది రోజులైంది. కారణం ఒక్క మాట. ఆ మాట అన్నది అతనే. అందులో తప్పేముందో మాత్రం అతనికి ఇంకా తెలియడం లేదు.

అన్న సుంకన్న పోయి నాలుగు నెలలు. కర్నూలు వన్‌టౌన్‌లో, ఇంటి ముందు గదిలోనే ఆన్‌లైన్ సెంటర్ నడిపేవాడు. హాల్‌టికెట్లు, కులం సర్టిఫికెట్లు, పెండ్లి పత్రికలు. ఇప్పుడు ఆ కుర్చీలో వదిన రేణుక కూర్చుంటోంది. ఆమె ముందున్నది స్క్రీన్ వెనకే అన్నీ ఇమిడిపోయిన ఆల్-ఇన్-వన్ కంప్యూటర్. పదకొండేళ్ళ పాతది, తుమ్మితే ఊడే ముక్కు. పొద్దున స్విచ్ వేస్తే పది నిమిషాలకు గానీ తెరుచుకోదు. ఒక్క ఫారం నింపేలోపు రెండుసార్లు నిలబడిపోతుంది. ఎదురుగా కొత్త సెంటర్ పడింది. గిరాకీ రోడ్డు దాటిపోతోంది. ఇద్దరు పిల్లల తిండీ చదువూ ఆ గది మీదే నడవాలి.

మద్దిలేటి చేసేది కంప్యూటర్ల రిపేరే. ప్రాసెసర్ చిప్పు, డిస్కు కొత్తవి వేస్తే ఆ మిషను మళ్ళీ పరిగెత్తుతుందని అతనికి తెలుసు. రెండూ తెచ్చి పెట్టుకున్నాడు కూడా. వదిన మాత్రం మిషను మీద చెయ్యి వేయనివ్వలేదు. అది మీ అన్న చేత్తో బిగించింది, ఉండనీ అంది. మూడుసార్లు నచ్చజెప్పాడు. నాలుగోసారి విసుగొచ్చింది.

"ప్రాసెసర్లో అన్న లేడు వదినా" అన్నాడు.

నిజమే, లేడు. కానీ మొగుడు పోయిన మనిషికి ఆ నిజాన్ని అలా చెప్పడం గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ వేళకు అన్నం పెడుతోంది, మాట మాత్రం లేదు.

చివరికి మద్దిలేటి తన గురువు దగ్గరికి వెళ్ళాడు. హుసేన్ పీరాది ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటు లేని రిపేరు కొట్టు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆయన ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య చాయ్ తాగి రావచ్చు. మద్దిలేటికి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే.

మద్దిలేటి జరిగిందంతా చెప్పాడు. తన ఉపాయమూ చెప్పాడు. శుక్రవారం వదిన డోన్‌లోని పుట్టింటికి పోతుంది. ఆమె తిరిగొచ్చేలోపు చిప్పు మార్చేస్తే సరి. మిషను వేగం చూసి ఆమే సంతోషపడుతుంది.

హుసేన్ పీరా లేచాడు. అటక మీది నుంచి అలాంటిదే ఒక పాత మిషను దింపి బల్ల మీద పెట్టాడు.

"ముందు దీని చిప్పు తియ్యి."

మద్దిలేటికి అదెంత పని. వెనక మూత ఊడదీశాడు. చిప్పు మీద, దాని వేడిని లాగే రాగి దిమ్మ ఒకటి ఉంటుంది. రెంటినీ కలిపే పేస్టు ఏళ్ళ తరబడి ఎండిపోయి గారలా పట్టేసింది. మరలు విప్పి దిమ్మను లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. ఠప్పున వచ్చింది, దాంతోపాటే చిప్పూ పెరుక్కుని వచ్చింది. చిప్పు అడుగున ఉండే సన్నటి కాళ్ళు గాలివానకు పడిన జొన్నచేనులా ఒరిగిపోయాయి.

తిడతాడనుకున్నాడు. హుసేన్ పీరా కళ్ళద్దాలు పెట్టుకుని, సూది తీసుకుని ఒక్కో కాలూ నిలబెట్టసాగాడు. మధ్యాహ్నం మసీదు నుంచి అజా వినబడితే లేచి నమాజుకు వెళ్ళాడు. తిరిగొచ్చి మళ్ళీ సూది పట్టాడు. అన్నీ నిలబడ్డాక అదే చిప్పును అక్కడే కూర్చోబెట్టి, అదే దిమ్మను బిగించి, మూత పెట్టి, స్విచ్ వేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఏం పరీక్షించాలని మద్దిలేటి అడిగాడు. ఏమీ లేదు, కూర్చోమన్నాడు. ఇద్దరూ ఊరికే కూర్చున్నారు.

కాసేపటికి ఆయన శిష్యుడి అరచెయ్యి తీసుకుని మిషను వీపు మీద పెట్టాడు. వెచ్చగా ఉంది. అప్పుడు స్విచ్ ఆపి, మూత తీసి, మరలు విప్పి, దిమ్మను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా ఇటూ అటూ తిప్పాడు. చప్పుడు లేకుండా చేతికొచ్చింది. చిప్పు తన చోటనే ఉంది.

"నువ్వు అది చల్లగా ఉన్నప్పుడు లాగినావు" అన్నాడు.

వేడికి పేస్టు మెత్తబడుతుందన్న సంగతి మద్దిలేటికి తెలియనిది కాదు. కొట్టులో చేరిన మొదటి వారంలోనే ఆయన చెప్పాడు. చెయ్యి తిరిగేకొద్దీ తొందర పెరిగింది, అంతే. తలొంచుకుని ఇంటికి నడిచాడు.

సాయంత్రం ముందు గదిలో గిరాకీ వాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. రేణుక తలెత్తలేదు. అతను మిషను ఊసెత్తలేదు.

"పొద్దున్నే అన్న ఈడ కూసోని ఏం చేస్తుండె వదినా?" అని అడిగాడు.

నాలుగు నెలల్లో ఎంతమంది వచ్చి ధైర్యం చెప్పి పోయారో లెక్కలేదు. ఈ మాట అడిగినవాళ్ళు లేరు. మద్దిలేటి లేచిపోలేదు. వీధిలో దీపాలు వెలిగాయి. ఆమె కీబోర్డు మీద దుమ్మును చీరకొంగుతో తుడుస్తూ ఉంది.

"స్విచ్ వేసి నన్ను పిలుస్తుండె" అంది. "ఇది తెరుచుకునే దాంకా ఇద్దరం మాట్లాడుకుంటుంటిమి. ఆనక రాత్రి దాంకా గిరాకీతోనే సరిపాయ. ఆ పది నిమిషాలే మావి."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ స్విచ్ వేసి కూసుంటా. నేనొక్కదాన్నే మాట్లాడతా."

అన్నను సాగనంపిన రోజు మద్దిలేటి కళ్ళు తడవలేదు. మగోడివి, ఇంటికి నువ్వే దిక్కు అన్నారు. పాడె మోశాడు, వచ్చినవాళ్ళకు భోజనాలు చూశాడు, దినాలు చేయించాడు. ఇప్పుడు ఆ స్టూలు మీద మొహం చేతుల్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది. ఒకరినొకరు ఓదార్చుకోలేదు.

కొంతసేపటికి ఆమె ముఖం తుడుచుకుంది.

"మార్చు మద్దిలేటీ."

వద్దులే వదినా, ఇట్లే ఉండనీ అన్నాడతను.

"ఇట్లే ఉంటే ఎదురింటాయన పిల్లోళ్ళు బతుకుతారు, నా పిల్లోళ్ళు కాదు. మార్చు."

ఆదివారం ఆమె ఎదుటనే మిషను ఆడించి, వీపు వెచ్చబడే దాకా ఆగి, మూత విప్పాడు. అన్న బిగించిన చిప్పు ఒక్క కాలూ ఒరగకుండా బయటికొచ్చింది.

సోమవారం పొద్దున రేణుక స్విచ్ వేసి కుర్చీ ముందుకు లాక్కుంది. సరిగ్గా కూర్చోనైనా లేదు, తెర తెరుచుకుంది. అంతా సిద్ధంగా ఉంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని దాని వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. పెదాలు కదలబోయి ఆగాయి.

గడపలో ఒకతను హాల్‌టికెట్ కోసం వచ్చి తొంగి చూశాడు. "తెరుచుకుండాది కదక్కా, తీసియ్యి" అన్నాడు.

స్టూలు మీదున్న మద్దిలేటి లేచి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"లేదప్పా, పాత మిషను. ఇంకా పది నిమిషాలు పడతాది" అని, అతని భుజం మీద చెయ్యి వేసి చాయ్ అంగడి వైపు నడిపించుకుపోయాడు.